ఆసుపత్రి మంచముమీద మతి చెదరినప్పుడు

 

ఈ దినము మనము ధ్యానించబోయే సంగతి ప్రసంగ వేదికమీద సాధారణముగా వినబడేది కాదు. కాని మన సంఘములలో అనేక కుటుంబాలు దీనిగుండా నడిచాయి. రాత్రివేళ ఆసుపత్రి వార్డులో, ఎవరికీ చెప్పుకోలేక కన్నీళ్లతో కూర్చున్న కుమార్తెల సంగతి ఇది, కుమారుల సంగతి ఇది.

ఒక తల్లిని ఊహించుకోండి. డెబ్బయి అయిదేండ్ల వయసు. స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషను బాగానే జరిగిందని డాక్టరుగారు చెప్పారు. ఇంటిల్లిపాది స్తోత్రము చెల్లించారు. రెండవ రాత్రి ఆ తల్లి కన్న కూతురిని చూచి, "ఎవరే నువ్వు? నా ఇంట్లో ఎందుకు కూర్చున్నావు?" అని గద్దించింది. సెలైను గొట్టం పీకివేసింది. గోడమీద చీమలు పాకుతున్నాయని కేకలు వేసింది. ఎన్నడో చనిపోయిన తమ్ముడు గుమ్మములో నిలబడి పిలుస్తున్నాడని చెప్పింది. జీవితములో ఎన్నడూ నోట పలకని బూతులు పలికింది. తెల్లవారి ఎనిమిది గంటలకు మామూలుగా లేచి, "కాఫీ ఉందా అమ్మా?" అని అడిగింది. సాయంకాలము దీపాలు వెలిగే వేళకు మరల మొదలు.

ప్రియులారా, అటువంటి వేళ చుట్టూ చేరినవారు ఏమంటారో మీకు తెలుసు. ఒకరు "పిచ్చి పట్టింది" అంటారు. ఒకరు "దయ్యము పట్టింది" అంటారు. మరొకరు "ఇక ఆఖరి ఘడియలు, అందరికీ ఫోనులు చేయండి" అంటారు. నాలుగవ వ్యక్తి "వయసు వచ్చింది కదా, ఇంతే" అని సరిపెట్టుకుంటాడు. ఈ నాలుగు మాటలను నమ్మి ఊరకుండిపోతే, చికిత్స చేయదగిన రోగిని చేజేతులా పోగొట్టుకునే ప్రమాదము ఉన్నది. అందుకే ఈ దినము దీనిగూర్చి మాట్లాడుతున్నాను.

దీనికి వైద్యులు పెట్టిన పేరు డెలీరియం. మన తాత ముత్తాతలకు కూడా ఇది తెలియనిది కాదు. జ్వరము ఎక్కువైనవాడు అర్థములేని మాటలు మాట్లాడితే "సంధి పుట్టింది" అనేవారు. సంధి ప్రేలాపన అనే మాట మన భాషలో ఉన్నది. డెలీరియం అనే మాట లాటిను భాషనుండి వచ్చింది. ఆ భాషలో లీరా అంటే నాగటి చాలు. నాగలి చాలు తప్పి పక్కకు పోవడము ఆ మాటకు మూలార్థము. వ్యవసాయము తెలిసిన మీకు నేను వేరుగా వివరించనక్కర లేదు. చాలు తప్పిన నాగలి విరిగిన నాగలి కాదు. నేల క్రింద ఏదో రాయి తగిలింది. ఆ రాయి ఎక్కడున్నదో వెదకి తీయాలి.

ఆ రాళ్లు ఏమిటో కొన్ని చెప్పుతాను, జాగ్రత్తగా వినండి. మూత్రములో ఇన్‌ఫెక్షను, ఊపిరితిత్తులలో నిమ్ము, ఒంటిలో సోడియం పడిపోవడము, చక్కెర మరీ తగ్గడము లేదా మరీ పెరగడము, నీరు చాలక ఒళ్లు ఎండిపోవడము, రక్తములో ప్రాణవాయువు తగ్గడము, మూత్రపిండాలు గాని కాలేయము గాని దెబ్బతినడము. ఇవి గాక అందరూ చిన్నవని అనుకునేవి ఉన్నాయి: నాలుగు దినములుగా విరేచనము కాకపోవడము, మూత్రము బిగిసిపోవడము, చెప్పుకోలేని నొప్పి, రాత్రి నిద్ర లేకపోవడము. కొన్ని మందులవలన కూడా వస్తుంది. నిద్రమాత్రలు, జలుబుకు దురదకు వాడే కొన్ని మాత్రలు పెద్ద వయసువారి మతిని చెదరగొట్టగలవు. ఏండ్ల తరబడి వేసుకుంటున్న నిద్రమాత్రను హఠాత్తుగా మానినా ఇదే జరగవచ్చు. తరచుగా కారణము ఒక్కటి ఉండదు, రెండు మూడు కలిసి వస్తాయి.

ఇది అరుదైన సంగతి కూడా కాదు. ఆసుపత్రిలో చేరిన వృద్ధులలో దాదాపు ముగ్గురిలో ఒకరికి ఇది వస్తుందని వైద్య గ్రంథాలు చెప్పుతున్నాయి. ఐ.సి.యు.లో వెంటిలేటరుమీద ఉన్నవారిలో ఇంకా ఎక్కువమందికి వస్తుంది. మతిమరుపు వ్యాధి అంతకుముందే ఉన్నవారికి, చూపు, వినికిడి మందగించినవారికి ప్రమాదము ఎక్కువ.

మతిమరుపు వ్యాధికి, దీనికి తేడా ఎలా తెలుసుకోవాలి? మతిమరుపు వ్యాధి నెలలు, సంవత్సరాలు పట్టి మెల్లగా వస్తుంది. ఇది గంటలలో, ఒకటి రెండు దినములలో వస్తుంది. ఉదయము ఒక విధముగా, రాత్రి ఒక విధముగా మారుతూ ఉంటుంది. అన్నిటికంటె ముఖ్యమైన గురుతు, మనస్సు ఒకచోట నిలువకపోవడము. వారముల పేర్లు వెనుకనుండి చెప్పమంటే శని, శుక్ర అని మొదలుపెట్టి ఎటో వెళ్లిపోతారు. వైద్యురాలు షారన్ ఇనోయే, ఆమె తోటివారు 1990లో ఇటువంటి గురుతులతోనే ఒక పరీక్షా విధానమును ప్రచురించారు. దానిని నేటికీ ఆసుపత్రులలో వాడుతున్నారు. కాని, ప్రియులారా, "మా అమ్మ నిన్న ఇలా లేదు, ఇది మా అమ్మ తీరు కాదు" అని చెప్పగలవారు మీరే. నిన్నటి ఆమెను డాక్టరుగారు చూడలేదు, మీరు చూచారు. కాబట్టి ఆ మాట సిగ్గుపడకుండా చెప్పండి.

ఇంకొక హెచ్చరిక. అందరూ కేకలు వేయరు. కొందరు పూర్తిగా మౌనమైపోతారు. కళ్లు సగము మూసి, పిలిస్తే ఆలస్యముగా పలికి, అన్నము ముట్టక పడుకుంటారు. "పాపం, హాయిగా నిద్రపోతున్నాడు" అని మనము సంతోషిస్తాము. ఇది కూడా అదే వ్యాధి. కేకలు వేసేవారి దగ్గరకు నర్సమ్మ పరుగెత్తి వస్తుంది, మౌనముగా ఉన్నవారిని ఎవరూ పట్టించుకోరు. అందుచేత ఈ మౌనమే తరచుగా కనుగొనబడకుండా పోతుంది. మాట్లాడే తండ్రి ఉన్నట్టుండి మాటలు మానితే, అది విశ్రాంతి అని అనుకోవద్దు. అడగండి.

ఇప్పుడు దేవుని వాక్యములోనికి వెళ్దాము. మొదటి సమూయేలు గ్రంథము మొదటి అధ్యాయములో హన్నా మందిరములో ప్రార్థన చేస్తున్నది. పెదవులు కదులుతున్నాయి, స్వరము వినబడుట లేదు. యాజకుడైన ఏలీ గుమ్మము దగ్గర తన పీఠముమీద కూర్చుని ఆమెను చూచాడు. చూచి, త్రాగి మత్తులో ఉన్నదని అనుకొని గద్దించాడు. ఏలీ దుర్మార్గుడు కాడు, దేవుని సేవకుడే. కాని పెదవులను చూచి హృదయమునకు తీర్పు తీర్చాడు. ఆమె తన దుఃఖము చెప్పినప్పుడు వినడము అతనిలో మంచితనము. విన్నాడు, మాట మార్చుకున్నాడు, దీవించి పంపించాడు. ఆసుపత్రి మంచము ప్రక్కన మనమందరము ఏలీ స్థానములో ఉంటాము. పెదవులను చూచి హృదయమునకు తీర్పు తీర్చవద్దు.

ఈ వాక్యమును నాలుగు చోట్ల మన బ్రతుకులకు అన్వయించుకుందాము.

మొదటిది, దయ్యము అనే మాట. మత్తయి సువార్త 4వ అధ్యాయము చివర, ప్రభువునొద్దకు తీసుకొని రాబడినవారి జాబితా ఉన్నది. అక్కడ దయ్యము పట్టినవారు వేరు, నానావిధ రోగులు వేరు, మూర్ఛ రోగులు వేరు, పక్షవాతము గలవారు వేరు. పరిశుద్ధ గ్రంథమే వేరుచేసి చెప్పిన దానిని మనము ఒకటిగా కలపవద్దు. మూత్రములో ఇన్‌ఫెక్షనుతో ఉన్న తల్లిని ఆసుపత్రినుండి విడిపించి ప్రార్థన స్థలమునకు తీసుకొని వెళ్లి, గొలుసు వేసి, గట్టిగా అరచి, చెంపమీద కొట్టడము విశ్వాసము కాదు. ప్రార్థించండి, తప్పక ప్రార్థించండి. మంచము దగ్గరనే ప్రార్థించండి. యాంటీబయాటిక్‌ను ఆపి ప్రార్థించవద్దు. రోగిచేత ఉపవాసము చేయించవద్దు. ఉపవాసము మీరు చేయండి.

రెండవది, నిందలు. ఈ స్థితిలో ఉన్నవారు "కోడలు పాలలో విషము కలిపింది" అంటారు. "నర్సు నన్ను చంపడానికి వచ్చింది" అంటారు. "నా కొడుకే నా డబ్బు కాజేశాడు" అంటారు. వారు అబద్ధమాడుట లేదు, వారికి అట్లే తోచుచున్నది. కాని ప్రక్కన ఉన్న బంధువులు ఆ మాటను మూటగట్టుకొని ఊరిలోనికి తీసుకొని వెళ్తారు. తల్లి కోలుకొని ఇంటికి వస్తుంది, ఆమెకు ఆ మాట జ్ఞాపకము కూడా ఉండదు. కాని రాత్రింబగళ్లు మలమూత్రములు ఎత్తిన ఆ కోడలి పేరు పాడైపోయి ఉంటుంది. ఇది న్యాయమా? అలాగే, కలవరములో దేవదూతలు కనబడ్డారని చెప్పిన మాటను మరుసటి ఆదివారము సాక్ష్యముగా నిలబెట్టవద్దు. రోగి తేరుకున్న తరువాత తానే ఏమి చెప్పాలో చెప్పనివ్వండి.

మూడవది, వ్రేలిముద్రలు. ఈ మాట కొందరికి బాధ కలిగించవచ్చు, అయినను చెప్పాలి. తండ్రి ఆసుపత్రిలో ఉండగా, ఒక కుమారుడు కాగితములు తెచ్చి, చెయ్యి పట్టుకొని ముద్ర వేయించుట మన దేశములో జరుగుచున్నది. 1872 నాటి భారత కాంట్రాక్టుల చట్టములో 12వ సెక్షను దీనిగూర్చే మాట్లాడుతున్నది. మామూలుగా మతి బాగున్న మనుష్యుడైనా జ్వరములో సంధి ప్రేలాపన స్థితిలో ఉన్నంతసేపు ఒప్పందము చేయలేడని ఆ సెక్షనుకు ఇచ్చిన ఉదాహరణలోనే ఉన్నది. 1925 నాటి భారత వారసత్వ చట్టము కూడా, వ్యాధి వలన తాను ఏమి చేయుచున్నాడో తెలియని స్థితిలో ఉన్నవాడు వీలునామా వ్రాయలేడని చెప్పుతున్నది. చట్టమే ఇంత జాగ్రత్తపడితే, తండ్రిని సన్మానించవలెనని ఆజ్ఞ పొందిన మనము ఎంత జాగ్రత్తపడాలి! ఆయన తేరుకునేవరకు ఆగండి. ఆగలేని ఆస్తి మీకు ఆశీర్వాదము కాదు.

నాలుగవది, మద్యము. ప్రతి దినము త్రాగే మనిషి కాలు విరిగో, కడుపు నొప్పితోనో ఆసుపత్రిలో చేరతాడు. అక్కడ మందు దొరకదు. మొదటి దినము చేతులు వణుకుతాయి. రెండవ, మూడవ, నాలుగవ దినములలో మతి చెదరి, లేని పాములు, పురుగులు కనబడి, చెమటలు పట్టి, గుండె వేగముగా కొట్టుకుంటుంది. ఇది ప్రాణాపాయము. దీనికి చికిత్స ఉన్నది. బి-1 విటమిను ఇంజెక్షను మొదలుకొని డాక్టర్లు చేయవలసినది చేస్తారు, కాని వారికి సంగతి తెలియాలి. "మా ఆయన సంఘములో పెద్ద, త్రాగుతాడని ఎలా చెప్పేది?" అని భార్య నోరు మూసుకుంటే, ఆ మర్యాద అతని ప్రాణము తీయవచ్చు. అమ్మా, నీవు సంఘములో చెప్పనక్కర లేదు. డాక్టరుగారికి మాత్రము, చేర్చిన దినముననే, ఎంత త్రాగుతాడో, చివరిసారి ఎప్పుడు త్రాగాడో చెప్పు. అది భర్తను అవమానపరచుట కాదు, బ్రతికించుకొనుట.

ఇప్పుడు అన్నిటికంటె లోతైన ప్రశ్న. "అయ్యగారూ, మా నాన్నగారు నలభై ఏండ్లు ప్రార్థనాపరుడు. ఐ.సి.యు.లో దేవుని దూషించారు. ఆ మూడవ రోజే వెళ్లిపోయారు. ఆయన రక్షణ సంగతి ఏమిటి?" ఈ ప్రశ్న అడిగే బిడ్డలు ఎంత కాలముగా దానిని గుండెలో మోస్తున్నారో నేను చూచాను. వారికి నేను చెప్పేది ఇదే. జ్వరముతో మండిపోతున్న పసిబిడ్డ తల్లిని తన్నితే, గీరితే, ఆమె బిడ్డను క్రింద దింపివేస్తుందా? ఇంకా గట్టిగా హత్తుకుంటుంది. బిడ్డ తనను కాదు, తన ఒంటిలోని జ్వరము తన్నుచున్నదని తల్లికి తెలుసు. మన తల్లులకు తెలిసినది మన తండ్రియైన దేవునికి తెలియదా? మనము ఆయనను పట్టుకొని ఉన్నాము గనుక మన రక్షణ నిలుచుట లేదు. మంచి కాపరి మనలను పట్టుకొని ఉన్నాడు గనుక నిలుచుచున్నది. సోడియం పడిపోయిన రాత్రి పలికిన మాటలను నలభై ఏండ్ల నడకకు ఎదురుగా పెట్టి తూచే దేవుడు మన దేవుడు కాడు. నిమ్మళించండి.

మరి మనము ఏమి చేయాలి? మొదటి రాజుల గ్రంథము 19వ అధ్యాయమును చూడండి. ఏలీయా అలసి, భయపడి, బదరీవృక్షము క్రింద చావు కోరుకొని పడుకున్నాడు. దేవుడు అతనితో ముందు వాదించలేదు, ప్రసంగము చేయలేదు. నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మరల నిద్రపోనిచ్చాడు, మరల తినిపించాడు. మాటలు హోరేబు కొండ దగ్గర, తరువాత వచ్చాయి. అవి కూడా మెల్లని స్వరముతో వచ్చాయి. నిద్ర, ఆహారము, నీరు, స్పర్శ, మెల్లని స్వరము. దేవుడు ఏలీయాకు చేసినది ఇదే.

ఆశ్చర్యమేమంటే, వైద్యులు పరిశోధించి కనుగొన్నది కూడా దీనికి దూరము కాదు. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయపు వైద్యులు, డెబ్బయి ఏండ్లు దాటిన 852 మంది రోగులతో చేసిన పరిశోధనను 1999లో ప్రచురించారు. సగము మందికి మామూలు వైద్యము. మిగిలిన సగము మందికి దానితోపాటు కొన్ని సాదా పనులు చేశారు. దినము, స్థలము గుర్తుచేయడము, త్వరగా లేపి నడిపించడము, కళ్లద్దాలు, వినికిడి సాధనాలు అందించడము, నీళ్లు త్రాగించడము, రాత్రి నిద్రమాత్రకు బదులు వేడి పాలు, మెల్లని సంగీతము, వీపు నిమరడము. మామూలు వైద్యము పొందినవారిలో నూటికి 15 మందికి డెలీరియం వచ్చింది. ఈ సేవ పొందినవారిలో నూటికి సుమారు 10 మందికే వచ్చింది. ఈ పనులలో ఎన్నో చేసినది శిక్షణ పొందిన స్వచ్ఛంద సేవకులు. అయితే ఒకసారి వచ్చిన తరువాత దాని తీవ్రతను ఈ పనులు అంతగా తగ్గించలేకపోయాయి. కాబట్టి రాకముందే మొదలుపెట్టాలి.

ఈ సేవకు డిగ్రీలు అక్కరలేదు. ఆసుపత్రికి పరుగెత్తేటప్పుడు పెద్దవారి కళ్లద్దాలు, చెవి మిషను, కట్టుడు పళ్లు తీసుకొని వెళ్లండి. మందుల చీటీలన్నీ పట్టుకొని వెళ్లండి. డాక్టరుగారు వద్దనకపోతే మాటిమాటికి నీళ్లు అందించండి. పగలు కిటికీ తెరవండి, రాత్రి దీపము తగ్గించండి. "అమ్మా, నేను మీ పెద్దమ్మాయిని. ఈ రోజు బుధవారము. ఇది ఆసుపత్రి. కాలికి ఆపరేషను అయింది, బాగవుతున్నది" అని మెల్లగా, గంట గంటకు చెప్పండి. గోడమీద చీమలున్నాయంటే "లేవు, నీకు పిచ్చా?" అని వాదించవద్దు. "భయపడకమ్మా, నేను ప్రక్కనే ఉన్నాను" అనండి. చేతులు కట్టివేస్తే భయము, పెనుగులాట పెరుగుతాయి. కట్టకుండా మనిషిని దగ్గర కూర్చుండబెట్టే వీలున్నదా అని అడగండి. ఐ.సి.యు.లో రానివ్వకపోతే, నర్సమ్మను బతిమాలి, దినమునకు రెండుసార్లయినా తెలిసిన గొంతు వినిపించండి. అమెరికాలో ఉన్న కుమారుని గొంతు ఫోనులో వినిపించినా మంచిదే. మీ అంతట మీరు నిద్రమాత్ర మాత్రము ఇవ్వవద్దు.

సంఘ పెద్దలారా, మీకొక మనవి. పదిహేను మంది కలిసి వెళ్లి, మంచము చుట్టూ నిలబడి, పెద్ద స్వరముతో అరగంట ప్రార్థించే పద్ధతిని ఇటువంటి రోగి దగ్గర మానండి. దానికి బదులు పేర్లు వ్రాసుకోండి. యౌవనస్థులు ఒక రాత్రి, స్త్రీల సమాజమువారు ఒక మధ్యాహ్నము, ఒక్కొక్కరే వెళ్లి కూర్చోండి. మూడు రాత్రులు కన్ను మూయని ఆ కూతురు నాలుగు గంటలు నిద్రపోనివ్వండి. గెత్సేమనేలో ప్రభువు శిష్యులను అడిగినది ఏమిటి? తనతోకూడ మెలకువగా ఉండమని. వారు ఉండలేకపోయారు. ఈ రాత్రి ఆ పిలుపు మన జిల్లా ఆసుపత్రి వార్డులోనుండి వస్తున్నది.

ఇంటిలోనున్న పెద్దవారు ఉన్నట్టుండి తికమకపడినా ఆలస్యము చేయవద్దు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు, అమెరికా అత్యవసర విభాగములకు వచ్చిన 817 మంది వృద్ధ రోగులను పరిశీలిస్తే, 28 శాతము మంది డెలీరియంతోనే వచ్చారని తేలింది. వారిలో కొందరికి జ్వరము లేదు, ఆయాసము లేదు. మతి చెదరడమే గురుతు. కాబట్టి "రేపు చూద్దాములే" అనక ఆ దినమే వైద్యునికి చూపించండి.

ఎక్కువమంది తేరుకుంటారు. కొందరికి దినములు, కొందరికి వారములు, నెలలు పడుతుంది. కొందరు మునుపటివలె కాలేరు, ఆఖరి దినములలో వచ్చినప్పుడు ఇక తేరుకొననివారును ఉన్నారు. అది కూడా నిజమే గనుక చెప్పుతున్నాను. తేరుకున్నవారిలో కొందరికి ఆ భయములు జ్ఞాపకముంటాయి, సిగ్గు ఉంటుంది. ఆ రాత్రి వారు అన్న మాటలను పెండ్లిండ్లలో చెప్పి నవ్వించవద్దు. "అది నీవు కాదు నాన్నా, అది జబ్బు" అని ఒక్క మాట అనండి. ఆ ఒక్క మాట వారికి మందు.

ప్రార్థించుదాము. కృపగల తండ్రీ, ఈ గడియలో మతి చెదరి మంచముమీద కలవరించుచున్న ప్రతి తల్లిని, ప్రతి తండ్రిని నీ చేతిలో పెట్టుచున్నాము. వారు మమ్మును మరచినా నీవు వారిని మరువవు. కారణము వెదకుచున్న వైద్యులకు జ్ఞానము దయచేయుము. మెలకువగా ఉన్న నర్సమ్మలకు ఓపిక దయచేయుము. నిందపడిన కోడలికి న్యాయము, అలసిన బిడ్డలకు నిద్ర అనుగ్రహించుము. తీర్పు తీర్చుటకు తొందరపడే మా నోళ్లకు కావలియుంచి, ప్రక్కన కూర్చుండే మనస్సు మాకిమ్ము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.